పాట కాడా? రోడ్డు కాడా?

కారు సీడీ ప్లేయరు మొరాయించిన నాడు పలమనేరు మెకానిక్కు అడిగిన మూడు ప్రశ్నలు

బంగారుపాళెం దాటి మొగిలి ఘాటు ఎక్కడం మొదలుపెట్టామంటే మా కారులో పాటకు ఎక్కిళ్లు పట్టుకునేవి. పల్లవి బాగానే పాడేది. చరణంలోకి వచ్చేసరికి ఒక మాట మింగి, ఇంకో మాట రెండుసార్లు పలికి, ఉన్నట్టుండి గొంతు పడిపోయేది. ఘాటెక్కి, పలమనేరు చేరి, ఇంటి ముందు కారాపి అదే పాట మళ్లీ పెడితే ఏమీ ఎరగనట్టు తేటగా పాడేది. డాక్టరు గుమ్మం తొక్కగానే జ్వరం తగ్గిపోయే పిల్లోడి మాదిరి.

కారు కొత్తదేం కాదు. వి.కోటలో టమోటా వ్యాపారం చేసే మా బావ వాడుకొని వాడుకొని నాకు అంటగట్టాడు. దాంతోపాటు సీడీ ప్లేయరూ, పౌచ్ నిండా సీడీలూ వచ్చాయి. మూడు రాష్ట్రాలు కలిసే చోట బతికేవాడి సీడీలు ఎట్లా ఉంటాయో అట్లాగే ఉన్నాయి అవి: ఘంటసాల భగవద్గీత పక్కన రాజ్‌కుమార్ కన్నడ పాటలు, వాటి కింద ఇళయరాజా అరవం. ‘ఇంకా సీడీలేంది మామా, పీకేసి ఆండ్రాయిడ్ స్క్రీను పెట్టించు’ అని మేనల్లుడు. చిత్తూరులో ఒక షాపులో చూపిస్తే, కారు దగ్గరికైనా రాకుండా కౌంటరులో కూర్చునే ‘లెన్సు పోయింది సార్’ అన్నారు. కొత్త సెట్టు ధర కూడా ఆ ఊపులోనే చెప్పేశారు.

పలమనేరు బస్టాండుకు కాస్త ఎడంగా ఒక షెడ్డు ఉందని, అక్కడి మనిషి టేపురికార్డర్ల కాలంనాటి వాడని ఎవరో చెబితే పోయాను. యాభై దాటిన మనిషి. చుట్టూ విప్పిన సెట్లు, వాటి పేగుల్లాంటి తీగలు. ‘ఇప్పి చూడన్నా’ అన్నాను.

‘ఇప్పేది ఎంతసేపు సామీ! ముందు ఒక మాట చెప్పు. పాట కాడ నిలబడతా ఉండాదా, రోడ్డు కాడ నిలబడతా ఉండాదా, లేకుంటే పొద్దు చూసుకోని నిలబడతా ఉండాదా?’

నేను తెల్లమొహం వేసేసరికి ఆయనే విడమరిచాడు. ‘యే రోడ్డులో పోయినా ఒకే పాటలో ఒకే మాట కాడ ఆగిందనుకో, తప్పు సీడీది. యే పాట పెట్టినా గుంతల్లోనే, ఘాటులోనే ఎగిరిందనుకో, సెట్టుదో బిగింపుదో. తెల్లారి పాడకుండా పది గంటలకి పాడిందనుకో, అది వాతావరణం. ఇది తెలీకుండా ఇప్పితే బాగుండేది గూడా పోతాది.’

వారం రోజులు రాసుకొని రమ్మన్నాడు. షుగరు చీటీ రాసినట్టు రాశాను: ఏ పాట, ఎక్కడ, ఎన్ని గంటలకు. ప్లేయరుతో వచ్చే మాన్యువళ్లు నాలుగైదు చదివాను కానీ, లోపం వెతకడం మీద ఇంతకంటే పనికొచ్చే మాట వాటిలో నాకు కనిపించలేదు. అవి లోపాలను పట్టికగా పేరుస్తాయి. ఈయన మూడు మూటలు కట్టి చేతికిచ్చాడు.

అరచేతిలో ఐదు కిలోమీటర్లు

ఆ మూటలు విప్పాలంటే ప్లేయరు లోపల జరిగేది కొంత తెలియాలి. సీడీ కొలతలను ఫిలిప్స్, సోనీ కంపెనీలు కలిసి 1980లో ఖాయం చేశాయి. 1982 అక్టోబరు 1న జపాన్‌లో సోనీ తన తొలి ప్లేయరు సీడీపీ-101ను అమ్మకానికి పెట్టింది. 1984కల్లా పయనీర్, సోనీ దాన్ని కారుకు ఎక్కించాయి. ఇంట్లో కదలకుండా కూర్చుని పాడడానికి పుట్టిన వస్తువును రెండేళ్లలోనే రోడ్డున పడేశారన్నమాట. దాని అవస్థలన్నీ అక్కడే మొదలు.

సీడీ 12 సెంటీమీటర్ల బిళ్ల, మందం 1.2 మిల్లీమీటర్లు. గ్రామఫోను ప్లేటు అంచు నుంచి లోపలికి పాడితే, సీడీ లోపలి చుట్టలో మొదలై అంచుకు పోతుంది. చుట్టకూ చుట్టకూ ఎడం 1.6 మైక్రాన్లు. మీ తల వెంట్రుక ఒకటి దాని మీద పెడితే దాని కింద నలభై చుట్టలు దాక్కుంటాయి. మొత్తం చుట్టలను దారంలా లాగితే ఐదు కిలోమీటర్లకు పైనే వస్తుంది. లెన్సు ముందు ఆ దారి సాగేది సెకనుకు 1.2 నుంచి 1.4 మీటర్ల చొప్పున, అంటే మనం తీరిగ్గా నడిచే వేగం. ఆ వేగం మారకూడదు కనక బిళ్ల లోపలి చుట్టలో నిమిషానికి దాదాపు 500 తిరుగుళ్లు తిరిగి, అంచుకొచ్చేసరికి 200కు నెమ్మదిస్తుంది.

చదివే లెన్సు కందిబేడంత. సన్నని తీగల మీద ఊయల మాదిరి వేలాడుతూ, పక్కనున్న తీగచుట్టల్లో కరెంటు హెచ్చుతగ్గులను బట్టి పైకీ కిందికీ, పక్కకూ జరుగుతూ ఉంటుంది. కంటికి కనిపించని 780 నానోమీటర్ల లేజరు కాంతిని గీత మీద నిలపడం దాని పని. (కనిపించదు కదా అని విప్పిన ప్లేయరులోకి తొంగి చూడకండి. కంటికి దెబ్బ.) సీడీ లోపలికి పోగానే లెన్సు ఒకటి రెండుసార్లు పైకీ కిందికీ ఆడి చూపు కుదుర్చుకుంటుంది. కుదరకపోతే తెర మీద ‘నో డిస్క్’ అని పడుతుంది. కళ్లెదుట సీడీ మింగి సీడీ లేదంటావా అని మనకు ఒళ్లు మండుతుంది. డ్యాష్‌బోర్డు మీద సత్యప్రమాణాల కాణిపాకం వినాయకుణ్ణి పెట్టుకుని అది అబద్ధమెందుకు చెబుతుంది? దానికి నిజంగానే కనిపించలేదు.

పాట దగ్గర ఆగితే

గీతలు పడినంత మాత్రాన సీడీ చచ్చిపోదు. అది గీతలకు సిద్ధపడే పుట్టింది. కౌండిన్య అడవి అంచున పొలమున్న రైతుకైతే ఈ ఏర్పాటు ఇట్టే అర్థమవుతుంది. ఏనుగుల గుంపు దిగితే ఒక చెక్కను మొత్తంగా తొక్కేస్తుంది. ఆ చెక్కంతా ఒకే రైతుదైతే ఆ ఏటికి అతని పని అయిపోయినట్టే. అదే పదిమంది రైతులు తలా నాలుగు సాళ్లు అక్కడొకటి ఇక్కడొకటి వేసుకుని ఉంటే, ఒక్కొక్కరికి పోయేది ఒకటో అరో సాలు. మిగిలినదానితో గట్టెక్కుతారు. సీడీ మీద పాటను ఇట్లాగే చెదరగొట్టి రాస్తారు. సెకను పాటను 44,100 ముక్కలు చేసి, పక్కపక్క ముక్కలను దూరదూరంగా నాటి, లెక్క సరిచూసుకోవడానికి అదనపు అంకెలు కూడా జోడిస్తారు. చుట్ట వెంబడి రెండు మిల్లీమీటర్లు పోయినా ప్లేయరు ఆ లెక్కతో పోయిన ముక్కలను తిరిగి కట్టేస్తుంది. అంతకు మించితే ఊహించి అతుకు వేస్తుంది. అదీ కుదరకపోతే నోరు మూసుకుంటుంది.

ఇందులోంచే సీడీ తుడిచే పద్ధతి వచ్చింది. మనం చేసేదేమిటి? చొక్కా చెంగుతో గుండ్రంగా రుద్దుతాం. పలమనేరు మట్టిబొమ్మలు, కుండలు చేసేవాళ్ల దగ్గర ఒకసారి నిలబడి చూడండి. తిరిగే కుండకు గోరు ఆనిస్తే చుట్టూ వలయం పడుతుంది. గుండ్రంగా తుడిస్తే గుడ్డలోని ఇసుక రేణువు సీడీ మీద గీసేదీ అదే. పాట సాగే దారి వెంబడే గీత పడుతుంది, పక్కపక్క ముక్కలన్నీ ఒక్కసారే పోతాయి. నడిమి రంధ్రం నుంచి అంచుకు, బండిచక్రం ఆకుల మాదిరి నేరుగా తుడిస్తే గీత పడినా దారికి అడ్డంగా పడుతుంది. దాన్ని ప్లేయరు ఇట్టే దాటేస్తుంది. మెత్తటి నూలుగుడ్డ, నీళ్లు, జిడ్డుంటే ఒక చుక్క సబ్బు. అంతే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మనం మెరిసే వైపు ప్రాణంగా చూసుకుని పేరు రాసే వైపును లెక్కచేయం. ప్రమాదమంతా పేరు వైపే. మెరిసే వైపు ఒక మిల్లీమీటరుకు పైగా ప్లాస్టిక్కు కవచం ఉంది. అక్కడి పైపై గీతలను పళ్ల పేస్టుతో నెమ్మదిగా రుద్ది మాన్పించవచ్చు. పాట ఉన్న లోహపు పూత మాత్రం పేరు వైపు పలచని వార్నిష్ కిందే ఉంటుంది. బాల్‌పెన్నుతో ‘పాత పాటలు’ అని గట్టిగా రాశారంటే ఆ అక్షరాలు పాట మీదే రాసినట్టు. ఆ వైపు గీత పడిందా, సీడీని వెలుతురుకు ఎత్తిపట్టి చూడండి. సూదిమొనంత వెలుగు ఇవతలికి వస్తే అక్కడ పూత లేచిపోయినట్టు. దానికి మందు లేదు.

బావ ఇచ్చిన సీడీల్లో సగం బజారులో రాయించినవి. ఒకప్పుడు బస్టాండుల్లో ‘150 పాటలు’ అని అమ్మేవాళ్లే, అవే. ఆ 150 లెక్క ఉత్తదేం కాదు. 700 మెగాబైట్ల బిళ్లలో, ఎంపీత్రీగా నలిపిన పాట నిమిషానికి ఒక మెగాబైటు చొప్పున, ఐదేసి నిమిషాల పాటలు 140 దాకా పడతాయి. దొంగ సరుకే అనుకోండి, కొనని కారువాడెవడో చెప్పండి చూద్దాం. తొలినాళ్ల కారు ప్లేయర్లు ఎంపీత్రీని చదవలేవు. అక్కడ తప్పు ప్లేయరుదీ కాదు, సీడీదీ కాదు, పెళ్లి కుదిర్చినవాడిది. మళ్లీ మళ్లీ రాసుకునే ఆర్‌డబ్ల్యూ రకం ఇంకా మొండిది. అచ్చు సీడీ తన మీద పడ్డ లేజరు వెలుగులో 70 శాతమైనా తిప్పి పంపుతుంది, అది 15 నుంచి 25 శాతమే పంపుతుంది. మసక లెన్సుకు అది అమావాస్య. ఇంట్లో రాసిన సీడీలకు పాట పడేది రంగుపూత మీద. ఎండలో డ్యాష్‌బోర్డు మీద పెడితే ఆ రంగు వెలిసిపోతుంది. ఎండన పెట్టిన కారులో డ్యాష్‌బోర్డు వేడి 60 డిగ్రీలు దాటడం వింతేం కాదు.

మొదటి పాటలు బాగా పాడి చివరివి ఎగురుతున్నాయంటే, చివరి పాటలు అంచున ఉంటాయని గుర్తుచేసుకోండి. వేలిముద్రలు పడేదీ, వంకర బిళ్ల ఎక్కువగా ఊగేదీ అక్కడే.

రోడ్డు దగ్గర ఆగితే

ఇక్కడ మన అనుమానం లెన్సు మీదికి పోతుంది. మెకానిక్కు అనుమానం స్క్రూల మీదికి పోయింది. కారు ప్లేయరులో సీడీ తిరిగే యంత్రాన్ని స్ప్రింగుల మీద, నూనె నింపిన రబ్బరు బుడిపెల మీద వేలాడదీస్తారు. గుంతలో దెబ్బ కారుకు తగిలినా లెన్సుకు తగలకుండా. కొత్త ప్లేయర్లు దానికి తోడు కొన్ని సెకన్ల పాటను ముందే చదివి దాచుకుంటాయి. కరువుకు గాదె నింపుకున్నట్టు. ఎగుడుదిగుళ్లు ఆగకుండా వస్తే గాదె ఖాళీ అవుతుంది, అప్పుడు పాట తెగుతుంది.

ఇన్ని ఏర్పాట్లనూ బిగింపు ఒక్కటి చెడగొడుతుంది. ప్లేయరు ముందువైపు చట్రంలో కూర్చుంటే చాలదు, వెనకనున్న బోల్టుకు లోహపు పట్టీయో రబ్బరు బుష్షో వేసి కారు బాడీకి కట్టాలి. చాలా షాపుల్లో ఈ పట్టీ కట్టరు. పైకి కనపడదు కదా, చేయి దూరదు కదా. వెనకభాగం గాలిలో తేలుతూ తోక ఊపుతుంటుంది. కొన్ని రకాల్లో రవాణాలో లోపలి యంత్రం కదలకుండా పైన స్క్రూలు బిగించి పంపుతారు. బిగించేముందు వాటిని తీసేయాలి. తీయకపోతే స్ప్రింగులు ఉండీ లేనట్టే. ప్లేయరు మూతి ఆకాశం చూసేటట్టు బాగా ఏటవాలుగా బిగించినా తంటాయే. 30 డిగ్రీలు మించవద్దని చాలా మాన్యువళ్లు చెబుతాయి.

పొద్దు చూసుకొని ఆగితే

పలమనేరుది 700 మీటర్లకు దగ్గరి ఎత్తు. చిత్తూరుది అందులో సగమే. పలమనేరును పేదల ఊటీ అని ఊరికే అనరు. మార్గశిరం, పుష్యం నెలల్లో రాత్రంతా బయట నిలిపిన కారు అద్దాల మీద పొద్దున వేలితో పేరు రాయవచ్చు. లోపల మనుషులెక్కి తలుపులు మూయగానే వాళ్ల ఊపిరి తడి, చల్లబడి ఉన్న లెన్సు మీద ఆవిరిగా పడుతుంది. కళ్లజోడువాడు వేడి టీ తాగినట్టు. అప్పుడు సీడీ పెడితే ‘నో డిస్క్’. దీనికి మరమ్మతు ఏమీ లేదు. సీడీ బయటికి తీసి, అరగంటో గంటో ఆగితే అదే ఆరిపోతుంది. ఆగలేక ఆ తడి మీదే క్లీనింగు సీడీ ఆడించారంటే ఆవిరి పోయి బురద మిగులుతుంది.

మధ్యాహ్నపు ఎండలో ఆగితే అది వేడి. చాలా ప్లేయర్లు లోపల వేడెక్కితే లేజరును తామే ఆపుకుంటాయి. కిటికీలు దించి కాసేపు పోనిస్తే సరి.

ఏ పొద్దులోనైనా, ఏ సీడీ అయినా చదవడం లేదంటే అప్పుడు లెన్సు. మన కార్లలో లెన్సుకు పెద్ద శత్రువు దుమ్మేనని నేనూ అనుకునేవాణ్ణి. మెకానిక్కు డ్యాష్‌బోర్డు వైపు వేలు చూపించాడు. వినాయకుడి ముందు ఊదొత్తి గుచ్చే బిళ్ల. ‘దేవుడికి పెట్టే పొగ దేవుడు పీల్చడు సామీ, ఇది పీలుస్తాది.’ దుమ్మునైతే క్లీనింగు సీడీ కుచ్చు ఊడ్చేస్తుంది. ఊదొత్తి, సిగరెట్టు పొగలు జిడ్డుగా పేరుకుంటాయి. దాన్ని విప్పించి, దూదిపుల్లకు ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్ది, రెప్పను తాకినట్టు తుడవాలి. మెకానిక్కు షెడ్లలో అన్నిటికీ పెట్రోలే మందు. లెన్సు ప్లాస్టిక్కుది, పెట్రోలుకో థిన్నరుకో తెల్లబారిపోతుంది. ఎవరైనా పెట్రోలు గుడ్డ తీసుకుంటే చెయ్యి పట్టుకోండి. లేజరు పక్కన చిన్న స్క్రూ తిప్పి ‘పవరు పెంచుతా’ అనేవాళ్లు కూడా ఉన్నారు. పెంచిన నాలుగు రోజులు బాగా పాడుతుంది. దీపం ఆరేముందు వెలిగినట్టు.

మూడింటికీ అందనివి

తీగల గొడవ వేరు. చాలా సెట్లకు వెనక పసుపు తీగ బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు తెస్తుంది, గడియారం, రేడియో స్టేషన్లు గుర్తుండేది దాంతోనే. ఎరుపు తీగ తాళం తిప్పితేనే తెస్తుంది. నలుపు ఎర్తు. తాళం తీసిన ప్రతిసారీ ప్లేయరు అన్నీ మరిచిపోతోందంటే పసుపూ ఎరుపూ తారుమారయ్యాయేమో, పసుపు ఫ్యూజు పోయిందేమో చూడాలి. ఇంజను రేసు చేసేకొద్దీ పాటలో ఈల పెరుగుతోందంటే ముందు ఎర్తు చూడాలి. తలుపు తెరిచి మూసినప్పుడు ఒక స్పీకరు గరగరమంటే తలుపు మడత దగ్గర తీగ నలిగినట్టు. ఒకవైపే వినిపిస్తుంటే ఏదీ విప్పకండి, పిల్లలు బ్యాలెన్సు తిప్పారేమో చూడండి. ఫ్యూజు పోతే అదే ఆంపియరుది వేయాలి. సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం చుట్టి వేయడం మన దగ్గర ఒక కళ. ఫ్యూజు కాలడం మాని తీగలు కాలుతాయి.

ఇరుక్కుపోయిన సీడీకి చాకులు, స్కేళ్లు దూర్చవద్దు. ఎజెక్టు బొత్తాన్ని కొన్ని సెకన్లు అదిమిపట్టండి. రీసెట్టు రంధ్రముంటే బాల్‌పెన్ను మొనతో నొక్కండి. బ్యాటరీ తీగ విప్పేముందు మాత్రం మీ ప్లేయరు మళ్లీ కోడు అడిగే రకమేమో కనుక్కోండి. కాగితం స్టిక్కరు అంటించిన సీడీలను కారులో అసలు పెట్టవద్దు, వేడికి స్టిక్కరు లేచి లోపల పట్టుకుంటుంది. ఇంట్లో చంటిపిల్లలుంటే ఒకటికి రెండుసార్లు అడగండి. మా ప్లేయరు విప్పితే రెండు రూపాయి బిళ్లలు రాలాయి. బావ కూతురు దాన్ని హుండీ అనుకుంది.

వారం తర్వాత నా చీటీ మెకానిక్కు చేతిలో పెట్టాను. పదకొండుసార్లు ఆగినట్టు రాసి ఉంది. ఎనిమిదిసార్లు రోడ్డు దగ్గర, అందులో ఐదు మొగిలి ఘాటులో. రెండుసార్లు పొద్దున మంచులో. ఒక్కసారి ఒక అరవ పాటలో రెండో చరణం దగ్గర. ‘నీకు మూడూ ఉండాయి సామీ’ అని నవ్వి, ఎడమచెయ్యి ప్లేయరు వెనక్కి దూర్చి ఊపి చూపించాడు. వెనక బోల్టు లేదు. పట్టీ లేదు. ఘాటులో రెండో గేరుకు ఇంజను చేసే కంపనానికి సెట్టు మొత్తం వణుకుతోంది. బోల్టు, ఒక పట్టీ, సైకిలు ట్యూబు ముక్క. నూట యాభై తీసుకున్నాడు. లెన్సును ముట్టుకోనే లేదు.

ఇప్పుడు ఘాటు మొదలు నుంచి పలమనేరు దాకా పాట తెగదు. మంచు రోజుల్లో అరగంట ఆగాకే సీడీ పెడుతున్నాను. ఆ అరవ పాట రెండో చరణంలో మాత్రం ఇప్పటికీ ఎగురుతుంది. అది సీడీది.